వీ-క్రాస్ దించి ట్రాక్ మీదికి: స్ప్రింగు కోయించకముందే ఇది చదువు

తమ్ముడూ, నువ్వు అడిగిందాన్ని ముందు నా మాటల్లో చెప్తా, తేడా ఉంటే సరిచెయ్యి. 2018 ఇసుజు వీ-క్రాస్ పికప్, ఫోర్ బై ఫోర్. నాన్న రైసు మిల్లు పనులకు కొన్నడు, ఇప్పుడు నీ చేతికొచ్చింది. శ్రీపెరుంబుదూరు దగ్గరి మద్రాస్ ట్రాక్ మీద తిప్పాలని నీ కోరిక. సిటీలో ఒక షాపువాళ్లు ముందు స్ప్రింగు చుట్టున్నర కోసి, వెనక ఫ్లిప్ కిట్ (వెనక ఇరుసును పట్టీల కింది నుంచి పైకి మార్చే సామాను) వేసి నాలుగించులు దించుతామన్నరు. నాలుగు సరిపోతుందా, షాకులు ఏవి కొనాలి అని అడిగినవ్.

నాలుగు వద్దు, రెండు చాలు. మరీ మనసు ఆగకపోతే రెండున్నర. స్ప్రింగు కోయొద్దు, ఫ్లిప్ వద్దు. షాకుల సంగతి చివర్లో వస్తది, ఎందుకంటే అది చివర్లో కొనాల్సిన వస్తువు.

ఇంకో మాట ఇప్పుడే చెప్పేస్తా. ఈ పని చేసిన బండిని నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీదనో, శ్రీశైలం ఘాటులోనో పరీక్ష చేస్తా అంటే నేను ఇక్కడితో ఆపేస్తా. తెల్లారుజామున ఆ రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు లైట్లు లేకుండా వస్తయ్, నీకు నాకంటే బాగా తెలుసు. చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. రేపు ఏమన్నా జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట చూసేది కూడా ఇదే. కాబట్టి దించిన బండిని ట్రాక్‌కు లారీ మీద ఎక్కించే తీసుకుపోవాలి. ఆ ఖర్చును ఇప్పుడే లెక్కలో వేసుకో. పికప్పులాంటి ఎత్తు బండ్లను చాలా ట్రాక్ డేలలో (సొంత బండ్లు తెచ్చి ట్రాక్ మీద తిప్పే రోజుల్లో) రానివ్వరు. ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి అడిగి, ఒప్పుకున్నాకే రెంచి పట్టు.

ఇక అసలు విషయం. పికప్‌ను ఎందుకు దించుతం? చూడడానికి బాగుంటదని అయితే నీ ఇష్టం, నన్ను అడగక్కర్లేదు. మలుపులో వేగం కోసమైతే లెక్క చూద్దాం. నీ బండి సుమారు 1,900 కిలోలు. చక్రాల మధ్య వెడల్పు 1,570 మిల్లీమీటర్లు. బరువు కేంద్రం నేల నుంచి 700 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. భూమ్యాకర్షణలో 0.8 వంతు బలంతో మలుపు తిరిగితే లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి 678 కిలోలు పోతయ్. బాడీని 60 మిల్లీమీటర్లు దించితే బరువు కేంద్రం దిగేది 50 దాకానే, ఎందుకంటే చక్రాలు, వెనక హౌసింగ్ (వెనక ఇరుసు గొట్టం) ఉన్నచోటే ఉంటయ్. అప్పుడు ఆ 678 కాస్తా 629 అయితది. ఇంత ఖర్చు పెట్టి గెలిచింది 49 కిలోలు, అంటే రెండు బియ్యం బస్తాలు. నిజం చెప్పాలంటే ఇది పెద్ద లాభం కాదు.

అసలు లాభం ఇంకోచోట ఉంది. వెడల్పులో సగాన్ని ఎత్తుతో భాగించు: 785 బై 700, 1.12. చదును నేల మీద బండి పల్టీ కొట్టాలంటే దాని బరువుకు అన్ని రెట్ల పక్కబలం కావాలి. ఇప్పుడున్న ఆల్ టెర్రైన్ టైర్లకు అంత పట్టు లేదు, అందుకే బండి జారుతది, పడిపోదు. రేపు నువ్వు మెత్తటి రేసు టైర్లు ఎక్కించినవనుకో, వాటి పట్టు ఒకటి దాటుతది. జారాల్సిన బండి జారక లోపలి చక్రాలు లేపుతది. ఎత్తు 650 చేస్తే ఆ అంకె 1.21. రిమ్ములు పక్కకు ఇరవై ఇరవై మిల్లీమీటర్లు బయటికి వచ్చేవి వేస్తే 1.24 దాకా పోతది. అంటే మంచి టైర్లు వేసుకునే అర్హత కోసం దించుతున్నం, అంతే. ఇది మనసులో పెట్టుకుంటే నాలుగించుల పిచ్చి దానంతటదే దిగుతది.

ఎక్కువ దించితే నష్టమేందంటవా? నీ బండి ముందు భాగం డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్ములు పట్టుకుంటయ్. కింది ఆర్మ్ లోపలి బోల్టు ఛాసీకి, బయటి కొస బాల్ జాయింట్‌కు ఉంటది. కంపెనీ ఎత్తులో ఆ ఆర్మ్ బయటికి కిందికి వాలి ఉంటది. బండిని దించినకొద్దీ ఆర్మ్ పడుకుంటది, ఇంకా దించితే బయటి కొస పైకి లేస్తది. అక్కడ్నుంచి మొదటికే మోసం. బండి ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతదో దాన్ని రోల్ సెంటర్ అంటం. అది బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి జారిపోతది. రెండింటి మధ్య దూరమే బండిని ఒరిగించే మీటకర్ర. మీటకర్ర పొడుగైంది కాబట్టి కిందికి దిగిన బండి ముందటికంటే ఎక్కువ ఒరుగుతది. "అన్నా దించినంక ఇంకా ఊగుతుందేంది" అని నా దగ్గరికి వచ్చే బండ్లన్నింటిదీ ఇదే కథ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

కొలత సులువు. చదును చోట బండి ఆపి కిందికి దూరు. నేల నుంచి ఆర్మ్ లోపలి బోల్టు ఎత్తు కొలువు, బాల్ జాయింట్ ఎత్తు కొలువు. బాల్ జాయింట్ కిందనో, సమానంగానో ఉన్నంతవరకు దించొచ్చు. నీ బండికి ఆ గీత ఎక్కడుందో అదే నీ హద్దు, షాపువాడు చెప్పే ఇంచులు కాదు. అంతకంటే దించాలంటే పొడుగు బాల్ జాయింట్ వెయ్యాలి. అది వేస్తే బండి ఇంకొంచెం దిగుతది, స్ప్రింగు ఎత్తులో అంత తగ్గించి లెక్కేసుకో. ముందు చక్రాలకూ ఇంజను బలం పోతది కాబట్టి డ్రైవ్ షాఫ్టు కోణం కూడా చూడాలి. ఎక్కువ వంగితే షాఫ్టు కొసన రబ్బరు బూటు చిరిగి గ్రీసు కక్కుతది.

స్ప్రింగు కోయడం గురించి నా సొంత తప్పు చెప్తా. పదమూడు, పద్నాలుగేళ్ల కింద నాకూ ఒక పాత పికప్ ఉండె. డబ్బుల్లేక ముందు స్ప్రింగులు గ్రైండర్‌తో కోసిన. చూడడానికి జబర్దస్తుగ కూర్చుంది. ట్రాక్ మీద ఒక వేగమైన కుడి మలుపులో సగం దాకా బుద్ధిగా తిరిగింది. ఎడమ ముందు చక్రం దగ్గర టక్కుమని చప్పుడు. అంతే, స్టీరింగ్ తిప్పినా ముందు భాగం తిరగలేదు, నేరుగా మట్టిలోకి పోయిన. దిగి చూస్తే బంప్ స్టాప్ రబ్బరు (ఆర్మ్ మరీ పైకి పోకుండా ఆపేది) పగిలి సగం ఊడి వేలాడుతుంది. స్ప్రింగు దిగడానికి చోటు లేదు, ఆర్మ్ రబ్బరుకు కొట్టుకుంది. ఆ క్షణంలో ఆ చక్రానికి స్ప్రింగు లేనట్టే, ఇనుప కడ్డీ మీద నిలబడ్డట్టే. టైరు భరించలేక పట్టు వదిలింది. కోస్తే స్ప్రింగు కొంచెం గట్టిపడుతది నిజమే, ఎనిమిది చుట్లలో ఒకటి తీస్తే ఏడో వంతు. కానీ దిగే చోటు తగ్గినంతగా గట్టిదనం పెరగదు. చక్రం గాలిలో వేలాడినప్పుడు కోసిన కొస సీటు మీంచి జరుగుతది కూడా.

అందుకే ముందు గట్టిదనం లెక్క వేసి, తర్వాత ఎత్తు. స్ప్రింగుల మీద బండి సెకనుకు ఎన్నిసార్లు పైకి కిందికి ఊగుతదో అదే కొలత. రేసు పికప్‌కు ముందు సెకనుకు 1.8 ఊపులు, వెనక 2 ఊపుల దగ్గర పెట్టుకుంటే బాగుంటది. మామూలు కార్లు ఒకటి, ఒకటిన్నర మధ్య ఉంటయ్. ముందు ఒక్కో చక్రం మీద 555 కిలోలు ఉన్నయనుకో. చక్రం, బ్రేకు, సగం ఆర్ముల బరువు 65 తీసెయ్, స్ప్రింగు మోసేది 490. దానికి 1.8 ఊపులు కావాలంటే చక్రం దగ్గర మిల్లీమీటరుకు 6.4 కిలోల గట్టిదనం. స్ప్రింగు చక్రం దగ్గర లేదు, ఆర్మ్ మధ్యలో ఉంది. జాకీతో చక్రాన్ని 50 మిల్లీమీటర్లు లేపితే షాకు 30 దిగిందనుకో, నిష్పత్తి 0.6. దాన్ని దానితోనే గుణిస్తే 0.36. ఆ 6.4ను 0.36తో భాగిస్తే స్ప్రింగు మిల్లీమీటరుకు 18 కిలోల దగ్గర రావాలి. ఈ వర్గం చేసే మెట్టు మరిచిపోయి చాలామంది పదకొండు కిలోల స్ప్రింగు తెప్పించుకుంటరు. తర్వాత "మెత్తగుంది" అంటరు. నీ బండి మీద నీ నిష్పత్తి నువ్వే కొలువు.

వెనక గట్టిదనం కొనక్కర్లేదు. లోడు మొయ్యడానికి పెట్టిన కమాన్ పట్టీలు ఖాళీ బండికి ముందే ఎక్కువ గట్టి. వెనక పని ఎత్తు తగ్గించడమే. ఇక్కడ ఫ్లిప్ కిట్ ఎందుకు వద్దన్ననో చెప్తా. పట్టీలు హౌసింగ్ మీద కూర్చునే బండికి హౌసింగ్‌ను పట్టీల పైకి మారిస్తే ఒకేసారి ఐదారించులు దిగుతది. అంత దిగితే హౌసింగ్ ఛాసీకి కొట్టుకుంటది, ఛాసీ కింద అర్ధచంద్రాకారంలో కోసి ప్లేటు వెల్డింగ్ చెయ్యాలి. మన ఊళ్లల్ల మంచి వెల్డర్లు లేరని కాదు, కానీ లారీ ఛాసీ వెల్డింగు వేరు, రేసు బండి ఛాసీ వేరు. రెండించుల కోసం ఆ జంజాటం అక్కర్లేదు.

పట్టీల వంపు తగ్గించు, చాలు. నల్లగొండలోనే కమాన్లు కొట్టేవాళ్ల దగ్గర అవుతది. అయితే దగ్గర నిలబడు. చల్లగా ఉన్న పట్టీని అచ్చు మీద పెట్టి సుత్తితో కొంచెం కొంచెంగా కొడుతూ పోవాలి, రెండు పక్కల పట్టీలు నేల మీద పక్కపక్కన పెట్టి పోల్చుతూ. గ్యాసు తీసి ఎర్రగా కాల్చబోతే "ఆగన్నా" అని చెయ్యి పట్టుకో. కాలిస్తే ఉక్కుకు ఇచ్చిన పదును పోతది, నెల తిరగకముందే కుంగుతది, లేదంటే ఎర్రబడ్డ చోట విరుగుతది. ఇంకొందరు ఒక పట్టీ తీసేస్తే దిగుతదంటరు. దిగుతది, కానీ మెత్తబడి హౌసింగ్ మెలితిరుగుతది. గేరు వేసి లాగితే వెనక చక్రాలు టపటపా ఎగురుతయ్. షాకిల్ (పట్టీ వెనక కొసను ఛాసీకి కలిపే లింకు) కురచ చేస్తే కూడా దిగుతది. ఛాసీ నుంచి కిందికి వేలాడే షాకిల్ అయితే ఎంత తగ్గించినవో అందులో సగమే హౌసింగ్ దగ్గర కనిపిస్తది.

దించినంక ప్రొపెల్లర్ షాఫ్టు కోణాలు చూడు. గేర్ బాక్సు కొస కోణం, డిఫరెన్షియల్ ముక్కు కోణం సమానంగా, ఎదురెదురుగా ఉండాలి. తేడా ఒక డిగ్రీ దాటితే పట్టీకి, హౌసింగ్ మీద అది కూర్చునే సీటుకు మధ్య వాలు ప్లేటు పెట్టాలి. ఇది వదిలేస్తే అరవై, డెబ్బై వేగంలో సన్నగా వణుకు మొదలై షాఫ్టు కొసల్లోని యూజే క్రాసులు (కీళ్లు) తినేస్తది.

ఇప్పుడు నేను అందరితో గొడవపడే చోటుకు వచ్చిన. బంప్ స్టీర్. ముందు చక్రం పైకి కిందికి కదిలినప్పుడు స్టీరింగ్ తిప్పకుండానే చక్రం తనంతట తాను లోపలికో బయటికో తిరగడం. దించిన బండి రోడ్డు మీది చిన్న గుంతకు ఒక పక్కకు లాగుతుందంటే ఇదే. అలైన్‌మెంట్ షాపులో ఇది కనిపించదు, ఎందుకంటే అక్కడ బండి కదలదు. మన షెడ్డులో ఇట్లా చెయ్యి. బండిని ట్రాక్ ఎత్తులోనే స్టాండ్ల మీద నిలబెట్టు. స్ప్రింగు విప్పి, స్టీరింగ్ నడిమికి తాళ్లతో కట్టెయ్. చక్రం తీసి హబ్‌కు చదునైన ప్లైవుడ్ చెక్క బిగించు. దాని ముందొక డయల్ గేజి, వెనకొక డయల్ గేజి. కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి పది పది మిల్లీమీటర్ల చొప్పున యాభై పైకి, యాభై కిందికి పోతూ రెండు గేజీల తేడా కాగితం మీద రాసుకో. ఒక బండికి 50 పైకి పోయేసరికి నాకు నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) చివర పన్నెండు మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే ఒకటి లోపుకు దిగింది. పొడుగు బాల్ జాయింట్ వేసినవంటే టై రాడ్ చివర కూడా దాదాపు అంతే దించాలి, లేదంటే జాయింటుతో బాగుపడింది టై రాడ్‌తో చెడుతది. స్పేసర్ లేత్ మీద తీయించే వస్తువే. కానీ బోల్టు మాత్రం మంచి గ్రేడుది, పిన్ను పెట్టే రంధ్రం ఉన్నది కావాలి. ఇది స్టీరింగ్, ఇక్కడ రూపాయి మిగిలించుకోకు.

అలైన్‌మెంట్ అంకెలు: ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) మైనస్ రెండు నుంచి రెండున్నర డిగ్రీలు, క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు పైకొస వెనక్కు వాలడం) బండి ఇచ్చినంత, ఐదు డిగ్రీలు వస్తే సంతోషం. టో (చక్రాల ముందు అంచులు తిరిగే దిక్కు) రెండు చక్రాలు కలిపి ఒకటి, రెండు మిల్లీమీటర్లు బయటికి. రోడ్డు మీద ఈ అంకెలతో టైరు లోపలి అంచు తినేస్తది, ట్రాక్‌కే ఇవి.

తూకం దగ్గర మాత్రం నీకు అదృష్టం ఉంది, నువ్వు మిల్లులో ఉన్నవ్. వే బ్రిడ్జి మీద ముందు చక్రాలు ఎక్కించి, తర్వాత వెనకవి ఎక్కించి తూకం తీసుకో, ముందు వెనక పంపకం తెలుస్తది. తర్వాత మిల్లులోనే ఒక టన్ను మోసే ప్లాట్‌ఫారం కాంటాలు నాలుగు ఒకే రకంవి చూసుకో. నాలుగింటి పైతలం ఒకే మట్టంలో ఉండాలి, మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో చూసి రేకు ముక్కలు పెట్టి సరిచెయ్. ఒక్కో చక్రం కింద గ్రీసు రాసిన రెండు రేకులు పెట్టు, చక్రం పక్కకు జరిగే వీలుండాలి. లేదంటే కాంటా అబద్ధం చెప్తది. డ్రైవరు సీట్లో మూడు 25 కిలోల బియ్యం బస్తాలు. రోల్ బార్ (రెండు పక్కల చక్రాలను కలిపి ఒరుగుడు తగ్గించే కడ్డీ) లింకు విప్పెయ్. గాలి అన్నింటిలో సమానం. ఇంధనం సగం ట్యాంకు.

ఉదాహరణకు అంకెలు ఇట్లా వచ్చినయనుకో: ముందు ఎడమ 575, ముందు కుడి 570, వెనక ఎడమ 395, వెనక కుడి 435. మొత్తం 1,975. ముందు ఎడమ, వెనక కుడి కలిపితే 1,010. రెండో మూల జత 965. ఇట్ల ఉన్న బండి ఒక పక్క మలుపులో ముక్కు తోస్తది (స్టీరింగ్ తిప్పినా ముందు సరిగా తిరగదు), ఇంకో పక్క మలుపులో తోక ఊపుతది. ముందు కుడి స్ప్రింగు సీటు మర కొంచెం బిగించు, కొంచెమే. ఆ స్ప్రింగు మీది బరువు, దాని మూలకు ఉన్న వెనక ఎడమ బరువు రెండూ పెరుగుతయ్. బండిని ముందుకు వెనక్కు ఒకసారి దొర్లించి మళ్లీ తూకం. 564, 581, 406, 424 వచ్చినయంటే మూలలు 988, 987. ఇక చెయ్యి పెట్టకు. ఎడమ కుడి సమానం చెయ్యాలని కూర్చుంటే పొద్దు గూకుతది, అవసరం లేదు, మూలలు సరిపోతే చాలు.

ఇప్పుడు షాకులు. ఇప్పటిదాకా చదివినవంటే ఎంత ప్రయాణం మిగిలిందో నీకు తెలుసు, ఎంత గట్టి స్ప్రింగో తెలుసు. అప్పుడే షాకు పొడవు, వాల్వింగు (లోపలి ఆయిలు ఎంత గట్టిగా ఆపాలన్న అమరిక) చెప్పగలవు. పాత షాకు దించిన బండికి వేస్తే అది ఎప్పుడూ లోపలి కొస దగ్గరే ఆడుతది. ట్యూబు ఒకటే ఉన్న గ్యాసు షాకులు, కురచవి, నొక్కుకున్నంక తిరిగి సాగే వేగాన్ని (రీబౌండ్) సర్దుకునే వీలున్నవి తీసుకో. ట్రాక్‌కు పోయే ముందు షాకు కడ్డీకి ఒక కేబుల్ టై బిగుతుగా కట్టు. నాలుగు రౌండ్లు తిప్పి వచ్చి చూడు. టై బంప్ స్టాప్ దాకా పోయి నలిగితే స్ప్రింగు గట్టిది కావాలి, లేదా ఎత్తు పది మిల్లీమీటర్లు పెంచాలి. వేలు వెడల్పు చోటు మిగిలితే నువ్వు మంచి చోట ఉన్నట్టు. ఆ టై నాకు అప్పట్లో తెలిసి ఉంటే ఆ మట్టిలోకి పోయేవాణ్ని కాదు.

రోల్ బార్ గురించి అడగలేదు కానీ అడుగుతవ్. ముందు బార్ లావు చేస్తే ముక్కు తోస్తది, వెనక లావు చేస్తే లోపలి వెనక చక్రం లేచి ఉత్తగ తిరుగుతది. మొదటి రోజు కంపెనీది ఉంచు.

బుష్‌లు, బాల్ జాయింట్లు ముందే చూడు. మిల్లు రోడ్ల మీద తిరిగిన బండి, వదులుండే అవకాశం ఎక్కువ. వదులు బుష్‌తో పైన చెప్పిన కొలతలన్నీ దండగ. బ్రేకు ఆయిలు కొత్తది పొయ్యి, వెనకవి డ్రమ్ములు కాబట్టి వేడెక్కుతయ్, మూడు రౌండ్లకోసారి చల్లార్చు.

షాపువాడికి అడ్వాన్సు ఇయ్యలేదు కదా? ఇయ్యకపోతే ఇప్పుడే ఆపు. కింది ఆర్మ్ లోపలి బోల్టు, బాల్ జాయింట్ ఎత్తులు రెండు పక్కలా కొలిచి, వెనక పట్టీలు హౌసింగ్ పైన ఉన్నయా కింద ఉన్నయా ఫొటో తీసి, వే బ్రిడ్జి చీటీతో సహా పంపు. స్ప్రింగు అంకె ఎంత వస్తదో అప్పుడు చెప్తా.